ఫిన్లే కిల్ట్ కట్టడం మానేశాడు

ఎల్స్పెత్ పొయ్యి మీద ఓట్స్ జావ కలుపుతూ, మెట్ల మీద భర్త అడుగుల చప్పుడు విని రెండు గిన్నెలు బల్ల మీద పెట్టింది. మే నెలలో క్రీఫ్ ఊరికి మామూలుగా వచ్చే ఉదయమే అది. వంటింటి కిటికీ అవతల కొండ సగం మబ్బులో ఉంది, సగం ఎండలో ఉంది. మధ్యాహ్నానికి జల్లు పడుతుందని రేడియోలో ఎవరో చెబుతున్నారు.

అడుగుల చప్పుడు వినిపించింది గానీ, దానితోపాటు వినిపించాల్సిన ఇంకో చప్పుడు వినిపించలేదు. నడుం నుంచి మోకాళ్ళ దాకా అతను చుట్టుకునే కిల్ట్ తాలూకు బరువైన ఉన్ని కుచ్చిళ్ళు ఇరుకు మెట్ల గోడకు రాసుకునే చప్పుడది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు తెల్లవారిందంటే ఆ చప్పుడే గుర్తు.

వెనక్కి తిరిగింది. గుమ్మంలో గోధుమరంగు ప్యాంటు నిలబడి ఉంది.

"ఆ ప్యాంటు ఎవరిది?" అంది.

"నాదే" అన్నాడు ఫిన్లే, కుర్చీ లాక్కుంటూ.

"నీకు ప్యాంటు ఉందా?"

"గోడలకు రంగులు వేసేటప్పుడు వేసుకునేది."

"ఇవాళ ఏ గోడకి వేస్తున్నావ్?"

"ఏ గోడకీ లేదు. చలిగా ఉంది."

"జనవరిలో మంచు గుమ్మం దాకా పేరుకున్నప్పుడు రాని చలి, మే నెలలో వచ్చిందా నీకు?"

"వయసొచ్చింది ఎల్స్పెత్. జావ పెట్టు, చల్లారిపోతోంది."

ఆమె జావ వడ్డించింది. అతను తలెత్తకుండా తిన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు ఫిన్లే ఎప్పుడూ గిన్నెలోకే చూస్తాడు.

ఫిన్లే రాట్రేకి డెబ్బై నాలుగేళ్ళు. హై స్ట్రీట్‌లో తండ్రి పెట్టిన ఇనుప సామాన్ల కొట్టును జీవితమంతా నడిపాడు. మేకులు, గొళ్ళేలు, తాళాలు, కిరసనాయిలు, తోటపని పారలు. తండ్రి ఆర్చిబాల్డ్ కిల్ట్‌తోనే గల్లా వెనక నిలబడేవాడు, కొడుకూ అలాగే నిలబడ్డాడు. పండక్కీ పెళ్ళికీ పెట్టెలోంచి తీసే కిల్ట్ కాదు వాళ్ళది. ఎండకీ వానకీ రంగు దిగిపోయి, వెనకవైపు రఫ్ఫు చేసి ఉండేది. ఆ గళ్ళలో ఏది నీలమో ఏది ఆకుపచ్చో దగ్గరికొస్తే గానీ తెలిసేది కాదు.

ఫిన్లే చిన్నప్పుడు శనివారం ఉదయం కొట్లో అలాంటివి ఇంకో మూడు నాలుగు కనిపించేవి. డాక్టరు కట్టుకునేవాడు. బడి హెడ్మాస్టరు కట్టుకునేవాడు. కొండ మీద గొర్రెలు కాసే టావిష్ అంచుకు బురద అంటిన కిల్ట్‌తోనే వచ్చి తీగచుట్ట కొనుక్కుపోయేవాడు. చలికి ఎర్రబడ్డ మోకాళ్ళతో అందరూ గల్లా దగ్గర చేరి వానల గురించి, గడ్డి గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఎవరూ ఎవరి బట్టల వంకా చూసేవాళ్ళు కారు. తడిసిన ఉన్ని వాసన, కిరసనాయిలు వాసన కలిసిపోయి కొట్టంతా అదే వాసన. తర్వాత డాక్టరు పోయాడు. హెడ్మాస్టరు ఉద్యోగం అయిపోయాక డండీలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడు. టావిష్ కొడుకులు జీన్స్ వేసుకున్నారు. ఎప్పుడు జరిగిందో ఎవరూ గమనించలేదు గానీ, ఒకనాడు చూస్తే ఊళ్ళో మామూలు రోజున కిల్ట్ కట్టుకునే మగవాడు ఫిన్లే ఒక్కడే.

కిల్ట్‌లకేం తక్కువ లేదు. పెళ్ళిళ్ళకు కావలసినన్ని. అద్దె కొట్టు నుంచి శుక్రవారం సంచుల్లో వస్తాయి, సోమవారం సంచుల్లో వెళ్ళిపోతాయి. రగ్బీ ఆట ఉన్న రోజు రైల్లో కుర్రాళ్ళు కట్టుకుని అరుచుకుంటూ పోతారు. పాలు కొనడానికి, పన్ను పీకించుకోవడానికి, చెత్తడబ్బా వీధిలో పెట్టడానికి కట్టుకునేవాళ్ళే లేరు.

కొట్లో ఉన్నంతకాలం ఫిన్లేకి ఆ తేడా తెలియలేదు. గల్లా వెనక నిలబడ్డ మనిషిని జనం మేకుల ధర అడుగుతారు. కొట్టు అమ్మేసి రోడ్డు మీదికి వచ్చాకే అతను వింతయ్యాడు. బస్సుల్లో వచ్చిన యాత్రికులు ఆపి ఫోటోలు తీసుకునేవాళ్ళు. కిల్ట్ లోపల ఏమీ వేసుకోరట కదా అని కళ్ళెగరేసి అడిగేవాళ్ళు. "కొట్టు మూసేశామమ్మా, ఇక సరుకు చూపించడం కుదరదు" అని నవ్వి తప్పించుకునేవాడు. ఇంటికొచ్చి ఎల్స్పెత్‌కి చెప్పేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

అలాంటి మనిషి ఆ రోజు ప్యాంటుతోనే పేపరుకి వెళ్ళాడు. మర్నాడూ అదే ప్యాంటు. ఆ మర్నాడు ఇంకో ప్యాంటు కూడా కొనుక్కొచ్చాడు. ఎల్స్పెత్ ఆ కొత్త ప్యాంటు కేసి చూసి, ఇస్త్రీ పెట్టె తీసింది.

గురువారం ఇద్దరూ కలిసి బజారుకి వెళ్ళారు. ఆమె రొట్టెల కొట్లోకి, అతను పోస్టాఫీసుకి. పనయ్యాక చౌకులో ఫౌంటెన్ దగ్గర కలుసుకోవాలనుకున్నారు. ఎల్స్పెత్ రొట్టె చంకలో పెట్టుకుని ఫౌంటెన్ పక్కన నిలబడింది. బస్సు దిగిన జనం, బ్యాంకులోంచి వచ్చే జనం, నల్ల ప్యాంట్లు, బూడిదరంగు ప్యాంట్లు. ఆమె ఎప్పుడూ అతని కోసం వెతికి ఎరగదు. ఎంత రద్దీలో అయినా కనిపించేవాడు, అంతే. పెళ్ళికి ముందు ఆమె కామ్రీ నుంచి బస్సులో పనికి వచ్చే రోజుల్లో, బస్సు మలుపు తిరగ్గానే కొట్టు ముందు ఊడుస్తున్న కుర్రాడి కిల్ట్ ఊగుతూ కనిపించేది. ఆ కుర్రాడి మొహం చూడకముందే ఆ ఊపు నచ్చేసింది ఆమెకి.

ఇప్పుడు ఎంతసేపు నిలబడ్డా అతను కనిపించలేదు. ఒకతను పక్కకొచ్చి ఆగాడు. ఆమె అతన్ని తప్పించుకుని రెండడుగులు అటు వేసింది.

"ఎల్స్పెత్!"

ఉలిక్కిపడి తిరిగింది. ఫిన్లే గొంతే.

"ఎదురుగా వచ్చి నిలబడితే పక్కకి తప్పుకుంటావేం? చెయ్యూపాను కూడా. ప్యాంటు వేసుకుంటే మొగుణ్ణి కాకుండా పోయానా? అలా అలుగుతావా నడిబజార్లో?"

"ఏదో ఆలోచిస్తున్నా" అంది.

"నీ అలక తెలుస్తూనే ఉందిలే" అన్నాడు. ఆమె చేతిలో రొట్టె తీసుకుని ముందు నడిచాడు. ఆమె ఆ రోజు దారంతా అతని కోటు పట్టుకునే నడిచింది. ఆమె అలక తీరిందనుకున్నాడు అతను.

ఆదివారం మధ్యాహ్నం కూతురు రోనా పెర్త్ నుంచి కారులో వచ్చింది. వెంట తన కూతురు ఇష్బెల్. రోనా పెర్త్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తుంది. ఇష్బెల్ స్టర్లింగ్‌లో చదువుకుంటోంది. రోనా కారు దిగి, గుమ్మంలో తండ్రిని చూసి నిలబడిపోయింది. తర్వాత గబగబా వచ్చి అతని భుజాలు పట్టుకుంది.

"ఎంత బావున్నావ్ నాన్నా! పదేళ్ళు తగ్గిపోయావ్!"

"పదేళ్ళు తగ్గితే కొట్టు మళ్ళీ తెరవాలి. నా వల్ల కాదు, లోపలికి రా."

ఇష్బెల్ నవ్వలేదు. తాతని గట్టిగా కావలించుకుని, మామూలుకంటే కాస్త ఎక్కువసేపు అలాగే ఉండిపోయింది.

బల్ల మీద కాల్చిన గొర్రెమాంసం, బంగాళదుంపలు, మెత్తగా మెదిపిన టర్నిప్ దుంప ఉన్నాయి. రోనా హుషారుగా ఉంది.

"అమ్మా, ఏం మందు పెట్టావే నాన్నకి? ముప్పయ్యేళ్ళు నేను మొత్తుకున్నా కానిది, ఒక్క వారంలో ఎలా అయింది?"

"నేనేం పెట్టలేదు. చలట" అంది ఎల్స్పెత్.

"చలైతేనేం, గాలైతేనేం. నాన్నా, ఆ బూడిదరంగు కోటు మీదికి నీలం ప్యాంటు ఇంకా బావుంటుంది. నేను కొనిస్తా."

"నీకు మహా సంతోషంగా ఉన్నట్టుంది" అంది తల్లి.

"ఉంటే తప్పా? మా నాన్న అందరిలా వీధిలో నడిస్తే నాకు సంతోషం. అందులో దాచేదేముంది?"

"అమ్మా, ఇంక ఆపు" అంది ఇష్బెల్ కంచంలోకి చూస్తూ.

"నేనేమన్నానే?"

"తాతయ్య చలికి మానెయ్యలేదు. ఆ సంగతి నీకూ తెలుసు."

ఎల్స్పెత్ గరిటె కింద పెట్టింది.

"ఏం తెలుసు? ఏమైంది?"

"ఇష్బెల్, ఆ బంగాళదుంపలు ఇటివ్వు తల్లీ" అన్నాడు ఫిన్లే.

"ఇవ్వను. చెప్పు తాతయ్యా. లేకపోతే నేనే చెప్తా. నేను ఫోన్‌లో చూశాను. మా కాలేజీలో సగం మంది చూశారు."

ఫిన్లే మొహం రంగు మారింది. "ఫోన్‌లో వచ్చిందా?" అన్నాడు. తర్వాత, "సరే, నేనే చెప్తాను. పెద్దగా చెప్పడానికేం లేదు" అన్నాడు.

"పోయిన శనివారం గుడ్లు తెమ్మన్నావు కదా. తీసుకుని వస్తున్నాను. చౌకులో ఆడపిల్లల గుంపు. వాళ్ళలో ఒకమ్మాయికి పెళ్ళట, భుజాల మీంచి గులాబీరంగు పట్టీలు వేసుకుని తిరుగుతున్నారు. కాస్త తాగి ఉన్నారు. ఫోటో అన్నారు. సరేనని నిలబడ్డాను, ఎప్పుడూ నిలబడేదే కదా. వెనకనుంచి ఒకమ్మాయి వచ్చి ఎత్తేసింది."

"ఏం ఎత్తేసింది?"

"కిల్ట్. నడుం దాకా. ఇంకో అమ్మాయి వీడియో తీస్తోంది. నా రెండు చేతుల్లో గుడ్ల అట్ట ఉంది. వదిలేస్తే పగులుతాయి. పగిలితే పగిలాయని వదిలెయ్యాలని తోచలేదు ఎల్స్పెత్. ఆ గుడ్లు పట్టుకుని అలాగే నిలబడ్డాను."

ఎల్స్పెత్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వాళ్ళు నవ్వారు. పరాయివాళ్ళు, పోనీ. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. మన కొట్లో తాళాలు కొన్నవాళ్ళు." కంచం పక్కకి జరిపాడు. "నేనూ నవ్వాను. అది నాకు మింగుడు పడట్లేదు. నేనూ వాళ్ళతోపాటు నవ్వి, ఇంటికొచ్చి గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టాను."

"ఆ గుడ్లతో నేను కేకు చేశాను" అంది ఎల్స్పెత్.

"బావుందని రెండో ముక్క కూడా అడిగాను."

"పోలీసులకి చెప్పాలి. ఒక ఆడపిల్ల గౌను మగాడెవడైనా అలా పట్టుకుంటే ఊరుకుంటారా?" అంది ఇష్బెల్.

"నేను ఆడపిల్లనా? ముసలాణ్ణి. ఏమని చెప్పుకోమంటావ్? వాళ్ళు రాసుకుంటూ నవ్వుతారు."

ఎల్స్పెత్ కూతురి వైపు తిరిగింది. "ఇదంతా తెలిసే వచ్చావా నువ్వు? తెలిసే నీలం ప్యాంటు కొంటానంటున్నావా?"

"కొంటే ఏం? ఆయన్ని మళ్ళీ అలా ఎవరూ చెయ్యకూడదని కొంటానన్నా!" రోనా కుర్చీ వెనక్కి తోసుకుని లేచింది. "మీ ఇద్దరికీ నా సంగతి ఎప్పుడైనా తెలిసిందా? బళ్ళో నా పేరు రోనా అని ఎవరికీ తెలియదు. గౌనాయన కూతురు. అదీ నా పేరు. రోజూ. భోజనాల గదిలో నేను లోపలికి వస్తే మగపిల్లలు చొక్కాలు పట్టుకుని గిరగిరా తిరిగేవాళ్ళు. నాన్నా, ఒక్కరోజు, బహుమతులిచ్చే రోజు ఒక్కరోజు ప్యాంటు వేసుకుని రమ్మని ఏడ్చాను. వచ్చావా?"

"రాలేదు" అన్నాడు ఫిన్లే.

"ఎందుకు రాలేదు?"

"ప్యాంటు లేదు" అని, అది సమాధానం కాదని తనకే తెలిసి తల దించుకున్నాడు. "ఆ సాయంత్రం కొట్టు మూసుకుని వచ్చి, బడి గోడ అవతల నిలబడ్డాను. కిటికీలోంచి నీ పేరు పిలవడం వినిపించింది. అది విని వెళ్ళిపోయాను. లోపలికొస్తే నీకు చిన్నతనం అవుతుందని."

రోనాకి ఆ సంగతి తెలియదు. ఆమె నిలబడే ఉంది గానీ, గొంతులో ఇందాకటి వేడి లేదు.

"వీడియో నువ్వెక్కడ చూశావమ్మా?" అని అడిగాడు ఫిన్లే. నిష్ఠూరం లేదు ఆ మాటలో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"ఆఫీసులో. టీ తాగే దగ్గర ఒకామె ఫోన్ చూపించింది. అందరూ గుమిగూడారు. మొహం సరిగ్గా కనిపించదు నాన్నా, వెనకనుంచే..."

"నువ్వు గుర్తుపట్టావా?"

"పట్టాను."

"ఏమన్నావ్?"

"ఏమీ అనలేదు."

"నవ్వావా?"

రోనా కుర్చీ వీపు పట్టుకుంది. తర్వాత, "కొంచెం" అంది. "నేనొక్కదాన్నే నవ్వకపోతే, ఎందుకు నవ్వట్లేదని అడుగుతారని."

ఫిన్లే మెల్లగా తలూపాడు. "నేనూ అందుకే నవ్వాను" అన్నాడు.

రోనా కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. పెద్దవయసు మనిషి, ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఫిన్లే లేచి వెళ్ళి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఇష్బెల్ కళ్ళు తుడుచుకుంటూ నీళ్ళ గ్లాసు తెచ్చింది.

"మీ ఇద్దరి సంగతీ తేలింది" అంది ఎల్స్పెత్ కాసేపటికి. "ఇక నా సంగతి ఎవరైనా అడుగుతారా?"

"నీకేమైంది?"

"నువ్వు ప్యాంటు వేసుకున్న దగ్గర్నుంచీ నాకు కనిపించడం లేదు ఫిన్లే."

"నాకూ బాధగానే ఉంది ఎల్స్పెత్, కానీ..."

"మాటవరసకి అనడం లేదు. నిజంగానే కనిపించడం లేదు. మొన్న ఫౌంటెన్ దగ్గర అలిగాననుకున్నావు. నా పక్కన నిలబడింది నువ్వని నాకు తెలియలేదు. మనిషి మొహం ఉండాల్సిన చోట పొగలాగా ఉంటుంది. పక్కన ఏదైనా కదిలితే తెలుస్తుంది, అంచులు తెలుస్తాయి. ఆ కుచ్చిళ్ళు ఊగుతూ వస్తుంటే, అదిగో వస్తున్నాడు అనుకునేదాన్ని. ఇప్పుడు వీధిలో మగాళ్ళంతా ఒక్కలాగే ఉన్నారు నాకు."

"అమ్మా! ఎప్పట్నుంచి?" రోనా తలెత్తింది.

"చలికాలం నుంచి."

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు ఫిన్లే.

"నువ్వెందుకు చెప్పలేదో అందుకే."

ఆ మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. రోనా కంచాలు కడిగింది, ఇష్బెల్ తుడిచింది. ఫిన్లే ఎల్స్పెత్ కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని, ఆమెకు ఎంత కనిపిస్తుందో ఒక్కొక్కటే అడుగుతూ కూర్చున్నాడు. గడియారం కనిపిస్తుందా, కిటికీ కనిపిస్తుందా, నా చెయ్యి కనిపిస్తుందా. "చెయ్యి ఊపు" అంది ఆమె. ఊపాడు. "కనిపించింది" అంది.

సోమవారం ఆఫీసులో టీ వేళకి రోనా ఆ ఫోన్ చూపించినామె దగ్గరికి వెళ్ళింది. మిగతావాళ్ళూ అక్కడే ఉన్నారు.

"మొన్న మీరు చూపించిన వీడియోలో ఉన్నది మా నాన్న" అంది.

ఒకామె కప్పు కింద పెట్టింది. ఒకతను, "అయ్యో, జోక్‌లా చూశాం రోనా, వేరేగా కాదు" అన్నాడు.

"నేనూ అలాగే చూశాను. ఆయన చేతుల్లో గుడ్లున్నాయి. మీలో ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. రోనా తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆమెకి చాలా ఏళ్ళుగా లేని తేలిక ఏదో ఒంట్లోకి వచ్చింది. సాయంత్రం ఆ ఫోన్ ఆమె వచ్చి, రోనా చెయ్యి పట్టుకుని క్షమించమంది. ఇష్బెల్ వెంటపడి వెంటపడి ఆ వీడియో పెట్టినమ్మాయి చేత తీసేయించింది. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిందో ఎవరికి తెలుసు?

పెర్త్‌లో కంటి డాక్టరు దగ్గర తల్లికి సమయం తీసుకుంది రోనా. ఆ రోజు పొద్దున్నే క్రీఫ్ వచ్చింది. ఇంటి ముందు కారు ఆపి చూస్తే, గేటు దగ్గర ఫిన్లే కిల్ట్‌లో నిలబడి ఉన్నాడు. పాత కిల్ట్, మోకాళ్ళ దాకా ఊలు మేజోళ్ళు, నడుముకి ముందు వేలాడే తోలు సంచి. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక్కటే కొత్తగా ఉంది. అతని కుడిచెయ్యి వెనక కుచ్చిళ్ళను తొడకి అదిమి పట్టుకుని ఉంది.

"వద్దని చెప్పాను" అంది ఎల్స్పెత్ కారెక్కుతూ. "పెర్త్ పెద్ద ఊరు, జనం ఎక్కువ, ఇంట్లో కట్టుకుంటే చాలన్నాను. వింటేనా?"

"ఇంట్లో నేను కనిపించకపోతే కేకేస్తావు. ఊళ్ళో ఎలా?" అన్నాడు ఫిన్లే.

కంటి డాక్టరు చిన్న వయసామె, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఎడమకంట్లో మధ్య చూపు పోయింది, తిరిగి రాదు. కుడికన్నూ అదే దారిలో ఉంది, దానికి సూదిమందు మొదలుపెడితే ఉన్నంత చూపు నిలబడొచ్చు. ఎల్స్పెత్ అన్నీ విని, "సరే, ఉన్నది నిలబెట్టండి" అంది. ఫిన్లే ఆమె కోటు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఎదురుచూసే గదిలో జనం అతని మోకాళ్ళ కేసి చూశారు. అతను ఎవరి వంకా చూడలేదు.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. కారు దూరంగా, నది ఒడ్డున పెట్టింది రోనా. ఆఫీసులు వదిలిన జనంతో వీధి కిటకిటలాడుతోంది. కళ్ళలో వేసిన మందు చుక్కలతో ఎల్స్పెత్‌కి ఉన్న చూపు కూడా చెదిరిపోయింది. ఎండ పడగానే ఆగిపోయింది.

"నా చెయ్యి పట్టుకో అమ్మా" అంది రోనా.

"చెయ్యి తర్వాత. ముందు మీ నాన్నని నడవమను. నేను వెనకాలే వస్తాను. ఇవాళ అలా నడిచి చూడాలి."

"ఈ జనంలోనా?"

"జనంలోనే కదా కావలసింది."

ఫిన్లే ముందుకి వెళ్ళి నడవడం మొదలుపెట్టాడు. ఎదురుగా వస్తున్నవాళ్ళు అతన్ని చూసి దారి ఇస్తున్నారు, దాటాక వెనక్కి తిరిగి చూస్తున్నారు. అతని భుజాలు బిగిసి ఉన్నాయి. కుడిచెయ్యి కుచ్చిళ్ళను వదలడం లేదు. ఎల్స్పెత్ నాలుగడుగులు వేసి ఆగింది.

"ఫిన్లే!"

అతను ఆగాడు.

"ఆ చెయ్యి తియ్యి. అలా అదిమి పెడితే ఊగట్లేదు. నాకు కనిపించట్లేదు."

అతను వెనక్కి తిరగలేదు. నడి వీధిలో, ఇరువైపులా జనం పోతుండగా అలా నిలబడిపోయాడు. తండ్రి వీపు ఒక్కసారి ఎగసి దిగడం రోనా చూసింది. వెంటనే తల్లిని వదిలి, గబగబా ముందుకి నడిచి తండ్రి వెనక పక్కగా వెళ్ళి నిలబడింది.

"నేనున్నాను నాన్నా" అంది. "వెనక నేనున్నాను. చెయ్యి తీసెయ్."

అతని వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. చెయ్యి పక్కకి జారింది. అతను అడుగు వేశాడు. కుచ్చిళ్ళు ఒకసారి అటు, ఒకసారి ఇటు, బరువుగా, నింపాదిగా ఊగాయి.

"ఆఁ, వస్తున్నా" అంది వెనకనుంచి ఎల్స్పెత్. ఆమె గొంతులో నవ్వు ఉంది.

బస్టాపు దగ్గర ఒకమ్మాయి ఫోన్ ఎత్తింది. రోనా ఆ అమ్మాయి కళ్ళలోకి సూటిగా చూసి తల అడ్డంగా ఊపింది. అమ్మాయి ఫోన్ దించేసింది. ఫిన్లే అది చూడలేదు. అతను కొట్టు ముందు తన వీధిలో నడిచినట్టే నడుస్తున్నాడు ఇప్పుడు. భుజాలు వదులయ్యాయి.

రోనా ఒక అడుగు వెనక్కి తగ్గి, తల్లి పక్కకి వచ్చింది. ఎల్స్పెత్ జనం మధ్య ఎవరికీ తగలకుండా, ఎక్కడా తడబడకుండా, కళ్ళు ముందుకి నిలిపి నడుస్తోంది. రోనా కూడా అటే చూసింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగి వీధి, కొట్లు, మనుషుల మొహాలు అన్నీ కలిసిపోయాయి. ఆ మసకలో ఆమెకు ఒక్కటే తెలుస్తోంది. ముందు వెళ్తున్న ఆ ఊపు. తుడుచుకోవాలనుకున్న చెయ్యి ఆపి, తల్లి మోచెయ్యి పట్టుకుని, దాన్నే చూస్తూ నడిచింది.